లోహానికి తోడు దొరికితే

(సైన్స్ డే సందర్భంగా విశాఖపట్నం ద్వారకానగర్‌లోని గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లలు లోపలికి రండమ్మా, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను నలభై ఏళ్లకు పైగా బ్యాక్టీరియాతో పని చేసినవాణ్ణి. ఈ రోజు చెప్పేది కూడా వాటి గురించే: లోహానికి ఇంకో పదార్థం తోడైతే వాటి డీఎన్‌ఏలో ఏమవుతుందో. కానీ మా నాయనమ్మ వంటింట్లోంచి మొదలుపెడతాను. మాది అనకాపల్లి దగ్గర పల్లె. ఏడాదికోసారి కళాయి వేసే అతను మా వీధిలోకి వచ్చేవాడు. నేలలో చిన్న గుంట తీసి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో ఊదుతూ ఇత్తడి గిన్నెను బాగా కాల్చేవాడు. నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్క రాసి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేసరికి గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. ఆ ఘాటు పొగ ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కళాయి పోయిన గిన్నెలో నాయనమ్మ నీళ్లు పట్టేది, బియ్యం కడిగేది. పులుసు మాత్రం పొయ్యనిచ్చేది కాదు. మజ్జిగ కూడా అంతే. “చిలుమెక్కుతుందిరా, వాంతులవుతాయి” అనేది.

తప్పు ఇత్తడిదా, చింతపండుదా? రెండూ రోజూ ఇంట్లో ఉండేవే. కలిసిన చోట మూడో వస్తువు పుట్టింది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, అది సేంద్రియ పదార్థం, అంటే కార్బన్ ఆధారంగా తయారైనది. ఇత్తడిలో ఉన్నవి రాగి, జింకు. ఆ ఆమ్లం రాగిని కరిగించి, తనతో పాటు పులుసులోకి తీసుకొచ్చేస్తుంది. లోహం ఏం చేస్తుందో తెలియాలంటే దాని తోడెవరో చూడాలి. ఈ సంగతి నాయనమ్మకు చదువు లేకుండానే తెలుసు. నాకు తెలియడానికి ప్రయోగశాలలో ఒక ఏడాది పోయింది. అది కాసేపట్లో చెబుతాను.

ముందు మ్యుటేషన్లను పట్టే పరీక్ష సంగతి. మ్యుటేషన్ అంటే డీఎన్‌ఏలో అక్షరం మారడం, లేదా ఒక అక్షరం ఎగిరిపోవడం, లేదా అదనంగా ఒకటి దూరడం. అది కంటికి కనిపించదు. కనిపించేలా చేసిన మనిషి బ్రూస్ ఏమ్స్. అమెరికాలో బర్కిలీలో పని చేశారు, 2024లో కన్నుమూశారు. 1964లో చిప్స్ ప్యాకెట్ మీద ఏమేం కలిపారో చదువుతూ, వీటిలో మన డీఎన్‌ఏను చెడగొట్టేది ఏదైనా ఉంటే తెలిసేదెలా అనే ఆలోచన ఆయనకు వచ్చింది. అక్కడి నుంచి మొదలైన పని 1970లలో ఏమ్స్ పరీక్షగా స్థిరపడింది.

సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని మామూలుగా తానే వండుకుంటుంది. ఏమ్స్ ఆ వంట చేతకాని రకాలను ఎంచుకున్నారు. వాటి జీన్‌లో ఒక చోట తప్పు ఉంటుంది. పెద్ద అణువులు కూడా లోపలికి పోయేలా వాటి పైపొర పల్చబడి ఉంటుంది. డీఎన్‌ఏను రిపేరు చేసుకునే ఒక ముఖ్యమైన దారి కూడా చాలా రకాల్లో మూసేసి ఉంటుంది. ఇలాంటి బ్యాక్టీరియాను సుమారు పది కోట్లు తీసుకుని, హిస్టిడిన్ చిటికెడు మాత్రమే ఉన్న పళ్లెంలో పరుస్తాం. ఆ చిటికెడు ఎందుకంటే కొన్నిసార్లు విభజన జరగాలి. విభజన జరగనిదే డీఎన్‌ఏలో దెబ్బ మ్యుటేషన్‌గా స్థిరపడదు. తర్వాత 37 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచుతాం. హిస్టిడిన్ అయిపోగానే దాదాపు అన్నీ ఆగిపోతాయి. ఎక్కడో ఒకదానిలో కొత్త మ్యుటేషన్ వచ్చి పాత తప్పు దిద్దుకుపోతే, అది మళ్లీ వంట మొదలుపెడుతుంది. పెరిగి పెరిగి తెల్లటి చుక్క అవుతుంది. ఆ చుక్కలు లెక్కపెట్టడమే పరీక్ష.

టీఏ100 అనే సాల్మొనెల్లా రకంలో ఏ మందూ వేయకపోయినా వంద నుంచి రెండొందల దాకా చుక్కలు వస్తాయి. టీఏ98లో ముప్పై, నలభై. మందు వేశాక అవి రెట్టింపైతే, మోతాదు పెంచినకొద్దీ పెరిగితే, ఆ మందును అనుమానించాలి. 1975లో ఏమ్స్ బృందం 169 హెయిర్ డైలను ఇలా చూస్తే 150 దొరికిపోయాయి. జుట్టుకు రంగేసుకునే ముందు ఇవాళ ప్యాకెట్ వెనక చదువుతున్నామంటే ఇలాంటి పనుల వల్లే.

సేంద్రియ రసాయనాలను ఇంత బాగా పట్టిన పరీక్ష లోహాల దగ్గర తడబడింది. నేను ఏడాది పోగొట్టుకున్నది అక్కడే. చదువుకునే రోజుల్లో మాకు కోబాల్ట్, నికెల్, కాడ్మియం లవణాలు ఇచ్చి చూడమన్నారు. ఒక్కొక్కటీ విడిగా వేశాం. చుక్కలు పెరగలేదు. మోతాదు పెంచితే బ్యాక్టీరియా చచ్చిపోయేది. ‘మ్యుటేషన్ లేదు’ అని నోట్‌బుక్ నిండా రాసుకున్నాం. ఒక రోజు గాజు సామాను కడిగే ల్యాబ్ అటెండర్ గొట్టం ఎత్తి చూపించాడు. “సార్, మీరేసిన మందు అడుగున కూర్చుంటోంది, పురుగు దాకా పోతోందంటారా?” అన్నాడు. చూస్తే అడుగున తెల్లటి మడ్డి. ఈ పరీక్షలో వాడే పోషకాల ద్రావణంలో ఫాస్ఫేట్, సిట్రేట్ ఉంటాయి. ఫాస్ఫేట్ చాలా లోహాలను గడ్డకట్టించి కింద పడేస్తుంది. సిట్రేట్ మిగిలిన లోహాన్ని పట్టుకుని వదలదు. మేం లోహాన్ని పరీక్షించామనుకున్నాం, అసలు చాలా భాగం బ్యాక్టీరియాను తాకనే లేదు. ఆ మనిషి చూపు నాకు చదువుకన్నా ఎక్కువ నేర్పింది. అందుకే ఇలాంటి చోట్ల ఆయన్ను తలుచుకోకుండా ఉండలేను.

సిట్రేట్ కూడా సేంద్రియ పదార్థమే అని గమనించండి. ఇక్కడ తోడు లోహాన్ని కట్టేసింది. వేరే తోడు దొరికితే అదే లోహం లోపలికి దారి వెతుక్కుంటుంది. క్రోమియం కథ వింటే ఈ రెండు పక్కలూ కనిపిస్తాయి.

క్రోమియంలో మనకు కావలసినవి రెండు రూపాలు. క్రోమియం-6, క్రోమియం-3. ఆ అంకె క్రోమియం ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో చెబుతుంది. ఆటోనగర్‌లో బంపర్లకు మెరుపు పూత వేసే తొట్టెల్లో పసుపు, నారింజ రంగుల్లో ఉండేది ఆరోది. తోళ్లు ఊనే చోట వాడే ఆకుపచ్చ, నీలం లవణాలు మూడోది. క్రోమియం-6 క్రోమేట్ రూపంలో ఉన్నప్పుడు చూడ్డానికి సల్ఫేట్ లాగే ఉంటుంది. కణానికి సల్ఫేట్ కావాలి కాబట్టి దాని కోసం తలుపు ఉంటుంది. క్రోమేట్ ఆ తలుపులోంచి దర్జాగా లోపలికి పోతుంది. లోపల గ్లుటాథయోన్ లాంటి సేంద్రియ అణువులు దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి 5, 4 మీదుగా 3కు దించుతాయి. ఆ దిగే దారిలోనే నష్టం జరుగుతుంది, దిగిన క్రోమియం-3 డీఎన్‌ఏకు అంటుకుపోతుంది. కణం లోపల తోడు లేకపోతే క్రోమేట్ ఒక్కటీ డీఎన్‌ఏతో పెద్దగా ఏమీ చేయలేదు. ఏమ్స్ పరీక్షకు బాగా దొరికే కొద్ది లోహాల్లో ఇది ఒకటి.

తమాషా ఏమిటంటే, ఇదే మార్పు కణం బయట జరిగితే రక్షణ అవుతుంది. ఏమ్స్ పరీక్షలో ఎలుక లివర్ నుంచి తీసిన ద్రవం కూడా కలుపుతారు, ఎందుకంటే చాలా రసాయనాలు మన లివర్‌లో మారాకే ప్రమాదకరం అవుతాయి. పొగలో ఉండే బెంజోపైరీన్ అలాంటిదే. లివర్ ఎంజైమ్ దాన్ని డీఎన్‌ఏకు అతుక్కునే రూపంలోకి మారుస్తుంది. ఆ ఎంజైమ్ నడిబొడ్డున ఉన్నది ఇనుము, చుట్టూ సేంద్రియ వలయం. అక్కడా లోహం, తోడు. ఇటలీలోని జెనోవాలో పెట్రిల్లి, డి ఫ్లోరా 1970లలో క్రోమియం-6కు ఇదే లివర్ ద్రవం కలిపి చూశారు. మ్యుటేషన్లు తగ్గిపోయాయి. లివర్ ద్రవం బయటే దాన్ని క్రోమియం-3 చేసేసింది. క్రోమియం-3 కణంలోకి సులువుగా పోలేదు, దానికి తలుపు లేదు.

అయితే క్రోమియం-3 మంచిదేనా? చాలాకాలం అందరూ అలాగే అనుకున్నారు. 1981లో వచ్చిన ఒక పరిశోధనలో క్రోమియం-3కి బైపిరిడిన్, ఫెనాంత్రోలిన్ లాంటి నైట్రోజన్ వలయాలను, అంటే ఉంగరంలా చుట్టుకుని నైట్రోజన్ ఉన్న సేంద్రియ అణువులను తగిలించి సాల్మొనెల్లాకు పెట్టారు. చుక్కలు పెరిగాయి. లోహం అదే. వలయాలు చుట్టూ దుప్పటిలా కప్పేసరికి దానికి కణం పొర అడ్డు కాలేదు.

లెడ్ క్రోమేట్, అంటే సీసంతో కలిసిన క్రోమేట్, సంగతి ఇంకా దగ్గరిది. పసుపు రంగు పెయింటులో వాడతారు. కొందరు దుర్మార్గులు పసుపు కొమ్ములకు మెరుగు కోసం కూడా పూస్తారు. అది నీళ్లలో దాదాపు కరగదు, అందుకని బ్యాక్టీరియా పరీక్షలో నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. 1980లలో దానికి ఎన్‌టీఏ కలిపి చూశారు. ఎన్‌టీఏ అంటే నైట్రిలోట్రైఎసిటిక్ ఆమ్లం, నీళ్లలో ఉప్పులను పట్టుకుంటుందని డిటర్జెంట్లలో వాడే పదార్థం. దానంతట అది బ్యాక్టీరియాలో మ్యుటేషన్లు తేదు. కానీ రెండూ కలిపితే సీసాన్ని ఎన్‌టీఏ పట్టుకుంది, క్రోమేట్ విడుదలైంది, చుక్కలు లేచాయి. సున్నాకు సున్నా కలిపితే సున్నా అన్న లెక్క ఇక్కడ చెల్లలేదు. నా మట్టుకు ఈ విషయమంతటిలో అన్నిటికంటే భయపెట్టే ప్రయోగం ఇదే. ఎందుకంటే ఈ రెండింటినీ విడివిడిగా పరీక్షించే మనిషి రెండు కాగితాల మీదా నిజాయితీగా ‘లేదు’ అనే రాస్తాడు. మేం రాసుకున్నట్టే.

కోబాల్ట్ గురించి కూడా చెప్పాలి, నా ఏడాదిని మింగింది అదే కాబట్టి. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు కోబాల్ట్ లవణాన్ని కొన్ని నైట్రోజన్ వలయ అణువులతో కలిపి సాల్మొనెల్లాకు పెట్టారు. కలిపినప్పుడు మ్యుటేషన్లు కనిపించాయి. మరుసటి ఏడాది 9-అమైనోఅక్రిడిన్ అనే రసాయనంతో వేర్వేరు లోహ లవణాలను కలిపి చూశారు. ఈ అమైనోఅక్రిడిన్ బల్లపరుపుగా ఉండే అణువు. డీఎన్‌ఏను మెట్ల నిచ్చెన అనుకుంటే, రెండు మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది. కాపీ చేసే యంత్రం అక్కడికొచ్చి తికమకపడి ఒక అక్షరం ఎక్కువో తక్కువో రాస్తుంది. లోహం తోడైతే కొన్ని చోట్ల ఆ పని ఇంకా పెరిగింది.

అలాగని కోబాల్ట్‌ను దుష్టుణ్ణి చేయకండి. అదే జపాన్‌లో 1978లో కడ, కనేమత్సు అనే ఇద్దరు, ఎంఎన్‌ఎన్‌జీ అనే గట్టి మ్యుటేషన్ కారకానికి కోబాల్ట్ క్లోరైడ్ కలిపితే ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో మ్యుటేషన్లు తగ్గుతాయని చూపించారు. తోడు మారితే పాత్ర మారింది. ‘కోబాల్ట్ మ్యుటేషన్ తెప్పిస్తుందా’ అని అడిగితే, దేనితో అని ఎదురు ప్రశ్న వేయడం నాకు అలవాటైపోయింది.

మళ్లీ చింతపండు దగ్గరికి వస్తాను. 1876లో కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న హెన్రీ ఫెంటన్ టార్టారిక్ ఆమ్లంలో ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే, తర్వాత క్షారం వేయగానే ఊదా రంగు రావడం చూశాడు. 1894లో వివరంగా రాశాడు. మన పులుసులో ఉన్న ఆమ్లమే! అక్కడ జరిగేది ఏమిటో తర్వాతి తరాలకు తెలిసింది. ఇనుము పెరాక్సైడ్‌ను చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్ అనే చాలా చురుకైన ముక్కను పుట్టిస్తుంది. అది పుట్టిన చోటే పక్కనున్నదాన్ని కొరికేస్తుంది, పక్కన డీఎన్‌ఏ ఉంటే డీఎన్‌ఏనే. రాగి కూడా ఇలాంటి పని చేస్తుంది. అందుకే లోహాన్ని డీఎన్‌ఏ పక్కకు మోసుకెళ్లే సేంద్రియ అణువు చాలా ముఖ్యం. రాగిని ఫెనాంత్రోలిన్ మోసుకెళ్తే డీఎన్‌ఏ తెగుతుందని 1979లో తేలింది. బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు ఇనుమును పట్టుకుని అదే పని చేస్తుంది. ఇలాంటి దెబ్బలను పట్టడానికే 1982లో టీఏ102 అనే సాల్మొనెల్లా రకాన్ని తయారు చేశారు. పాత రకాలతోనే పరీక్షించి ఊరుకుంటే ఇవి తప్పించుకుపోతాయి.

ఇప్పుడు మా వీధి కళాయి అతని నవాసాగరం. దాని శాస్త్రీయ నామం అమ్మోనియం క్లోరైడ్. 1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ ఈ.కోలై ఉన్న ద్రావణంలోకి కరెంటు పంపి ఏమవుతుందో చూస్తున్నారు. ప్లాటినం దేనితోనూ కలవదని నమ్మి ప్లాటినం కడ్డీలు పెట్టారు. బ్యాక్టీరియా విభజన ఆపేసి, పొడుగ్గా దారాల్లా సాగింది, మామూలు పొడవుకు మూడొందల రెట్ల దాకా. కరెంటు వల్ల అనుకున్నారు. వెతగ్గా వెతగ్గా తేలింది ఏమిటంటే, ప్లాటినం కాస్త కరిగి, ద్రావణంలో ఉన్న అమ్మోనియం క్లోరైడ్‌తో కలిసి కొత్త సమ్మేళనం అయింది. అందులో ఒకటి సిస్‌ప్లాటిన్. రెండు అమ్మోనియాలు ఒక పక్క, రెండు క్లోరిన్లు ఒక పక్క ఉంటాయి. అవే నాలుగూ ఎదురెదురుగా ఉంటే అది ట్రాన్స్‌ప్లాటిన్, మందుగా పనికిరాదు. తోడెవరన్నదే కాదు, తోడు ఏ పక్క కూర్చుందన్నది కూడా లెక్కే! సిస్‌ప్లాటిన్ డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు గ్వానిన్ అక్షరాలను కలిపి కుట్టేస్తుంది. సాల్మొనెల్లాలో మ్యుటేషన్లు తెస్తుంది, రోగిలో క్యాన్సర్ కణాలను చంపుతుంది. 1978లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవాళ మన ఊరి క్యాన్సర్ వార్డుల్లోనూ ఎక్కిస్తున్నారు. అమ్మోనియా సేంద్రియం కాదు కదా అని కెమిస్ట్రీ పిల్లలు పట్టుకోవచ్చు, నిజమే. తర్వాత వచ్చిన కార్బోప్లాటిన్‌లో క్లోరిన్ల స్థానంలో సేంద్రియ భాగమే ఉంది. దాని వల్ల మందు నెమ్మదిగా పని చేస్తుంది, కిడ్నీల మీద దెబ్బ తగ్గింది.

మాంగనీసు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఈ ఊరికి పోర్టు రావడానికి ఒక పెద్ద కారణం అదే. మధ్య భారతం గనుల మాంగనీసును ఓడలకెక్కించాలనే ఇక్కడ పోర్టు కట్టారు, 1933లో తెరిచారు. డీఎన్‌ఏను కాపీ చేసే ఎంజైమ్‌కు మెగ్నీషియం కావాలి. ఆ చోట మాంగనీసు కూర్చుంటే ఎంజైమ్ తప్పు అక్షరాలను కూడా ఒప్పుకుంటుంది. కావాలని మ్యుటేషన్లు తెప్పించాలనుకునే ల్యాబుల్లో డీఎన్‌ఏను కాపీలు తీసే పీసీఆర్ గొట్టంలో మాంగనీసు క్లోరైడ్ వేస్తారు. ఆర్సెనిక్‌ది ఇంకో దారి. దానంతట అది బ్యాక్టీరియాలో మ్యుటేషన్లు తేదు, కానీ ఇంకొకరు కొట్టిన దెబ్బను మరింత పెద్దది చేస్తుంది.

పరవాడ ఫార్మా సిటీలో పని చేసేవాళ్లు ఈ హాల్లో ఉన్నారని తెలుసు. మీకు చెప్పాల్సింది ఒకటుంది. మందులో మ్యుటేషన్ తెచ్చే మలినం జీవితాంతం వాడినా రోజుకు 1.5 మైక్రోగ్రాములు దాటకూడదని మందుల తయారీకి ఒక అంతర్జాతీయ మార్గదర్శకం, దాని పేరు ఎం7. పల్లాడియం, నికెల్ లాంటి లోహాల మలినాలకు వేరే మార్గదర్శకం, క్యూ3డీ. నోటి ద్వారా తీసుకునే మందులో పల్లాడియంకు రోజుకు 100 మైక్రోగ్రాములు. రెండూ మంచి నియమాలే, వాటి వెనక చాలా పని ఉంది. కానీ రెండూ రెండు ఫైళ్లు. ఒకే బ్యాచ్‌లో లోహమూ, దాన్ని పట్టుకోగల నైట్రోజన్ వలయమూ మిగిలాయని మీకు కనిపిస్తే, ఆ రెండింటినీ కలిపి ఒక్క ఏమ్స్ ప్లేటు వేసి చూడండి. మహా అయితే రెండు రోజుల పని. ఈ మాట అడగడానికే నేనీ రోజు ఇక్కడికి వచ్చాను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: రాగి చెంబులో నీళ్లు తాగితే ప్రమాదమా అండీ?)

మంచినీళ్లయితే ఫర్వాలేదమ్మా. లీటరు నీటిలో రాగి 2 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ నీళ్లలో నిమ్మరసం పిండి రాత్రంతా ఉంచకు, మజ్జిగ పొయ్యకు. మా నాయనమ్మ మాటే.

(సింధియా నుంచి వచ్చిన ఒకాయన: నేను స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగ్ చేస్తాను మాస్టారూ. ఆ పొగలో మీరు చెప్పిన క్రోమియం ఉంటుందంటారు. విటమిన్ సి బిళ్లలు వేసుకుంటే సరిపోతుందా?)

చాలా మంచి ప్రశ్న అడిగారు బాబూ. ఉంటుంది. రాడ్డుతో చేసే స్టెయిన్‌లెస్ వెల్డింగ్ పొగ సాల్మొనెల్లాలో మ్యుటేషన్లు తెస్తుందని 1977లోనే చూపించారు. విటమిన్ సి క్రోమియం-6ను క్రోమియం-3 చేస్తుంది, అది నిజం. కడుపులో, అంటే కణం బయట జరిగితే మేలే. కానీ మీరు పీల్చే పొగ ఊపిరితిత్తుల కణాల్లోకి పోతుంది. కణం లోపల అదే విటమిన్ సి క్రోమియంను డీఎన్‌ఏ పక్కన దించి అంటిస్తుంది. అందుకని బిళ్ల వేసుకుని మాస్కు మానెయ్యొద్దు. పొగను పుట్టిన చోటే లాగేసే ఎగ్జాస్ట్ గొట్టం ఆర్క్‌కు దగ్గరగా పెట్టించండి, మంచి మాస్కు అడగండి. ట్యాంకు లోపల పనైతే అసలు రాజీపడొద్దు. నేను చెప్పానని చెప్పి అడగండి, కావాలంటే నేనే వచ్చి మాట్లాడతాను.

(వెనక నుంచి: బ్యాక్టీరియాలో మ్యుటేషన్ వస్తే మనకు క్యాన్సర్ వచ్చినట్టేనా?)

కాదండీ. మన కణాలకు రిపేరు బాగా ఉంది, ఈ బ్యాక్టీరియాలకు మనమే తీసేశాం. ఈ పరీక్ష కుక్క మొరుగు లాంటిది. మొరిగితే లేచి లైటు వేసి చూడాలి. కొన్నిసార్లు ఏమీ ఉండదు. లోహాల విషయంలో మొరగకపోయినా చూడాలి.

సరే, ఇప్పుడు రెండు ఫొటోలు పంపుతున్నాను. మా పాత ప్లేట్లవి, రెండూ ఒకే రోజు తీసినవి. ఎడమ చేతి దాంట్లో కోబాల్ట్ ఒక్కటే. కుడి చేతి దాంట్లో కోబాల్టూ, నైట్రోజన్ వలయమూ. మడ్డి సంగతి తెలిశాక, ఫాస్ఫేట్ తగ్గించి మళ్లీ వేసినవి. పిల్లలూ, పెన్ను పట్టుకుని చుక్కలు లెక్కపెట్టండి. లెక్క అయినవాళ్లు చేతులెత్తండి, ఎడమ ఫొటోతో మొదలుపెడదాం.